ఆరో మనిషి

"లే. అది నా చోటు," అన్నాడు ఉబైద్, చెప్పులైనా విడవకముందే.

కొత్తాయన లేవలేదు. గెలిచిన ముక్కల్ని మోచేతితో ఊడ్చి ఒళ్ళోకి లాక్కున్నాడు. అందరిలా రెండు వేళ్ళతో తీసుకోవడం ఆయనకు చేతకాదు. బందిపోటు సంతమీద పడ్డట్టే. పక్కనున్న పిస్తాపప్పుల గిన్నెనూ అలాగే ఖాళీ చేశాడు.

సాయంత్రపు అస్రు నమాజు అయి పావుగంటైనా కాలేదు. బూ నాసిర్ దివానియాలో, ఆయన ఇంటి ముందుగదిలో, పేకాటకు ఆరుగురూ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఏడోవాడు ఉబైద్. ఈ శుక్రవారం ఎవరు కూర్చుంటే ఆ ఆరుగురి పేర్లే రంజాను పేకాట పోటీకి పంపుతానని పెద్దాయన బూ నాసిర్ పోయినవారమే చెప్పాడు. పంతొమ్మిదేళ్ళుగా ఆ పేర్లలో ఉబైద్ పేరు లేని రంజాను లేదు.

"మూడు వారాలు మర్యాదకి ఊరుకున్నాను," అన్నాడు ఉబైద్. "మూలన కూర్చుని ఫోన్లో ఇదే ఆట ఆడుకున్నాను, మొహం ఎరగనివాళ్ళతో. ఇవాళ ఊరుకోను."

"మొహం ఎరగనివాళ్ళతో ఆడటం బాగానే అలవాటైందిగా," అన్నాడు హిలాల్ ముక్కలు సర్దుకుంటూ. "ఈయన ఇంకొకడనుకో!"

"ఫోన్లోవాడు నా పిస్తాపప్పులు తినడుగా! అసలు ఈయన్ని తీసుకొచ్చిందెవరు?"

హిలాల్ మజీద్ వైపు చూశాడు. "నువ్వే కదా?"

"నేనా!" మజీద్ నోరు తెరిచాడు. "నీ బావమరిది అనుకుని మొన్న మా వాడి పెళ్ళికి కూడా పిలిచాను కదయ్యా!"

"వచ్చాడా?"

"రాకేం! రెండు పళ్ళేల మాంసం అన్నం తిని, పెళ్ళికొడుకుని దీవించి మరీ వెళ్ళాడు."

కొత్తాయన అవునన్నట్టు తల ఊపాడు. వంట బాగుందన్నాడు.

ఉబైద్ ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. "ఎవరయ్యా నువ్వు? ఏం పనిమీద వచ్చావు?"

గదిలో చాయ్ గ్లాసులన్నీ పెదాల దగ్గరే ఆగిపోయాయి. చేతికి చాయ్ ఇచ్చాక ఎవరు నువ్వని అడగడం ఆ గడ్డమీద ఏ మగాడి నోటా రాని మాట. మూడు రోజులు కాదు, మూడేళ్ళు కూర్చున్నా అడగరు.

"ఉబైదూ," అన్నాడు బూ నాసిర్ మెల్లగా. "కూర్చో నాయనా. ఈ ఆట కాగానే నా చోటు నీకిస్తాను."

"నీ చోటు నాకెందుకు సరంగు బాబాయ్?"

సరంగు బాబాయ్ అన్నప్పుడల్లా హిలాల్‌కు దగ్గొస్తుంది. ఇవాళ కూడా వచ్చింది.

"నేను గాలికి కొట్టుకొచ్చినవాణ్ణి కాదు," అన్నాడు ఉబైద్ కొత్తాయనతో. "మా నాన్న చెప్పి పంపితే వచ్చినవాణ్ణి. ఈ బాబాయ్ సరంగుగా నడిపిన పడవలోనే మా నాన్న ఖర్జూరాలు వేసుకుని కాలికట్ దాకా వెళ్ళాడు. తుఫానులో సముద్రంలో పడితే, తెరచాప తాడు పళ్ళతో పట్టుకుని మా నాన్నని జుట్టు పట్టి పైకి లాగాడు ఈయన. ఆ రుణంతో వచ్చాన్నేను ఈ గుమ్మంలోకి. చెప్పు బాబాయ్!"

బూ నాసిర్ తన ముక్కల వంక చూసుకున్నాడు. "మీ నాన్న మంచి మనిషై ఉంటాడు," అన్నాడు.

"విన్నావా? ఇక నీ సంగతి చెప్పు."

కొత్తాయన చేతులు దులుపుకున్నాడు. "దాచేదేముంది? ఒక జత పావురాలు కొందామని బూ నాసిర్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాను. నాసిర్ అనే పెద్దకొడుకుండి బూ నాసిర్ అనిపించుకునే తండ్రులు ఈ నాలుగు వీధుల్లో ఏడుగురున్నారని నాకేం తెలుసు? ఆ రోజు ఆటకి ఒకరు తక్కువైనట్టున్నారు, గుమ్మంలో సలాం చెప్పగానే, ఆరో మనిషి దొరికాడని చెయ్యిపట్టి కూర్చోబెట్టారు. పావురాల బూ నాసిర్ వెనక వీధిలో ఉంటాడని మొదటి ఆట అయ్యేసరికే తెలిసింది. కానీ రెండో ఆటకి చేతిలో రెండు జోకర్లు పడ్డాయి. మీరే చెప్పండి, ఎలా లేవను?"

అందరూ పకపకా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఉబైదే.

"అయిపోయింది! ఇల్లు తప్పి వచ్చినవాడు! నోటితో తనే ఒప్పుకున్నాడు. తీర్పు చెప్పు బాబాయ్. తప్పు గుమ్మం ఎక్కినవాడు ఈ గదిలో ముక్క పట్టకూడదు. వాడి పేరు రంజాను పోటీకి వెళ్ళకూడదు."

"ఆ మాట నా చేత అనిపించకు," అన్నాడు బూ నాసిర్.

"అనాల్సిందే. మా నాన్న మీద ఒట్టు. ఇవాళ తప్పు గుమ్మం ఎక్కినవాడైనా లేవాలి, నేనైనా మళ్ళీ ఈ ఇంటికి రాకూడదు."

పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నీ మాట ప్రకారమైతే ఇద్దరు లేవాలి," అన్నాడు చివరికి.

"ఇద్దరా?" ఉబైద్ ఒక్కొక్కరి మొహంలోకి చూశాడు. హిలాల్ కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. మజీద్ ఖర్జూరంలో గింజ వెతుకుతున్నాడు. "రెండోవాడెవడు?"

బూ నాసిర్ తన చేతిలోని తొమ్మిది ముక్కలూ వెల్లకిలా చాప మీద పరిచేశాడు. ఆట మధ్యలో ఆయన అలా చెయ్యడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"నేను జన్మలో పడవెక్కలేదురా, ఉబైదూ."