పుస్తకంలో లేని అమ్మ

“ఆ పుస్తకం ముందర అలాంటి మాటలనకే తల్లీ, అది వింటాది. రేపేం చేస్తాదో ఏటో!” అంది వరాలమ్మ, గోంగూర ఆకు తుంచుతూ.

“వినాలనే కదా చెప్పడం!” అని నవ్వింది పదో తరగతి చదివే కూతురు చైత్రిక.

ఇప్పుడు పుస్తకాలన్నీ అంతే. నచ్చింది, నచ్చనిది చెబితే తెల్లారేసరికి కథ మార్చుకుంటాయి. పలకరిస్తే బదులు కూడా చెబుతాయి.

“విను పుస్తకమా! సముద్రం బాగుంది, పడవ బాగుంది. ఆ పిల్ల వాళ్లమ్మే బోరు. గడప దాటితే చాలు, మునిగిపోతావే, మునిగిపోతావే అని ఒకటే గోల. అచ్చం మా అమ్మలాగే!”

వరాలమ్మ చేతిలో కాడ అలాగే ఉండిపోయింది.

మర్నాడు కథలో అమ్మ లేదు. చనిపోయిందని కూడా లేదు. అసలు ఎన్నడూ లేనట్టే ఉంది. పిల్ల ఒక్కతే పడవెక్కి నడిసముద్రంలోకి పోయింది.

“ఇప్పుడు అదిరింది!” అంటూ చైత్రిక బడికి బయల్దేరింది. రోజూలా “అమ్మా, వెళ్లొస్తా” అనలేదు. అమ్మ వైపు చూడనైనా లేదు.

వరాలమ్మ తలుపు గడియపెట్టి, పుస్తకాన్ని ఒళ్లోకి తీసుకుని, గొంతు తగ్గించి అడిగింది.

“ఓలమ్మా, నువ్వెక్కడున్నావే?”

అట్టకి చెవి ఆనించి కూర్చుంది. పొయ్యి మీద పప్పు ఉడికింది, అడుగంటింది, ఇల్లంతా మాడు వాసన కొట్టింది. ఆమె లేవలేదు.

చాలాసేపటికి, కాగితాల అడుగు నుంచి ఒక ఆడగొంతు నీరసంగా పలికింది.

“ఇక్కడే ఉన్నానమ్మా. నా పిల్ల అన్నం తిన్నాదా?”