మీసం పోయిన చోట

అమరేష్ నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. సెలూన్ కుర్చీలో కూర్చుని, మీసం మీద వేలితో అడ్డంగా ఒక గీత గీశాడు.

గూళూరు బస్టాండు పక్కన ఇరవై ఏళ్లుగా గడ్డాలు గీస్తున్న ఆంజనేయప్పకు అంతకంటే చెప్పనక్కర్లేదు. ఈ పక్క తండ్రి ఉండగా కొడుకు మీసం జోలికి కత్తి రాదు. సినిమావాళ్లకు చెల్లుతుందేమో, గూళూరులో చెల్లదు. అమరేష్ నాన్న నంజప్పను చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చేర్చి పది రోజులైంది. తెల్లవారుతుండగా ఆంబులెన్స్ ఒకటి వాళ్ల తోటింటి వైపు పోవడం పాలు పోసేవాళ్లు చూశారు.

ఆంజనేయప్ప టీవీ కట్టేశాడు.

“గుండు కూడానా అప్పా?” అని మెల్లగా అడిగాడు.

అమరేష్ తల అడ్డంగా ఊపాడు. ఈ కాలం పిల్లలు మీసంతోనే సరిపెడతారు. ఆంజనేయప్ప తప్పు పట్టలేదు.

మొలిచినప్పటి నుంచీ కత్తి ఎరగని చోటు. గీయగానే పండుమిరపకాయలా కందింది. ఆంజనేయప్ప పటిక బిళ్ళ తడిపి రుద్దాడు. అది చుర్రుమంది. పాపమనిపించి, దాని మీద మామూలుగా పోసేదానికి రెండింతలు లోషన్ పోశాడు. అమరేష్ కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. వంతు కోసం కూర్చున్న ముగ్గురూ లేచి నిలబడ్డారు.

వాళ్లలో గురప్ప అనే ఆయన, ఇప్పటికైనా గోవిందప్పకు చెప్పి పంపారా అని అడిగాడు. గోవిందప్ప నంజప్పకు సొంత అన్న. తోటలు పక్కపక్కనే. గట్టు తగాదా వచ్చి ఇద్దరికీ పన్నెండేళ్లుగా మాటల్లేవు. ఆస్పత్రికి ఊరంతా వెళ్లి వచ్చింది గానీ ఆయన వెళ్లలేదు. నంజప్ప మాత్రం చూడ్డానికి వచ్చిన ప్రతివాణ్నీ, మా అన్న ఏమైనా అన్నాడా అని అడిగేవాడు.

అమరేష్ మెడలోని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. గురప్ప గడ్డం సంగతి మానేసి, గోవిందప్ప తోట వైపు బండి తిప్పాడు.

దారిలో గాలి తగిలి మంట ఇంకా ఎక్కువైంది. అమరేష్ ఈరప్ప అంగడి దగ్గర ఆగి ఫ్రిజ్‌లోని నీళ్ల సీసా తీసుకుని మూతికి అదుముకున్నాడు. ఈరప్ప అతని ముఖం చూసి, అంగడి షట్టరు సగానికి దించేశాడు. అమరేష్ ఏదో చెప్పబోయాడు. పెదవి కదిలితే మండుతోంది. ఊరుకోవడమే నయమనుకున్నాడు.

ఇంటి దగ్గర తల్లి సుజాతమ్మ కొడుకును చూడగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని పెరుగు తెచ్చి పూసింది. తడి ఉన్నంతసేపు చల్లగానే ఉంది. ఎండాక బిగుసుకుని మరో రకంగా మండింది.

అప్పుడు వచ్చాడు గోవిందప్ప. కాళ్లకు చెప్పులు లేవు.

వాకిట్లోనే ఆగిపోయాడు. ఇంట్లోకి చూసే ధైర్యం లేక, మెట్టు మీద కూర్చున్న అమరేష్‌నే చూశాడు. బోడి మూతి, ఎర్రబడ్డ కళ్లు. కంచె దగ్గరికి పోయి కలబంద మట్ట ఒకటి విరిచి, గోటితో చీల్చాడు. పక్కన కూర్చుని, ఎండిన పెరుగును తన తువ్వాలుతో తుడిచి, కలబంద గుజ్జు తనే పూశాడు. అమరేష్‌కు పొద్దుటి నుంచీ మొదటిసారి హాయిగా అనిపించింది.

“పెదనాయనా...” అనబోయాడు.

“మాట్లాడద్దు. మండుతాది,” అన్నాడు గోవిందప్ప. “మీ నాయనకీ ఇట్లే. పెండ్లి దినం గీసినాక మొగమంతా కందిపోయింటే నేనే పూసినా.”

ఆయన చెయ్యి పూస్తూనే ఉంది. గుజ్జు ఎప్పుడో అయిపోయింది. ఉత్త తొక్కతోనే పూస్తున్నాడు.

“ఆ గట్టు జరిపింది నేనే, అమరేషా. మూడడుగులు. పన్నెండేండ్లు వాడు నిజం చెప్తానే ఉండె, నేను ఊర్లో వాన్నే అబద్ధాలోన్ని చేస్తిని. ఆస్పత్రి గేటు దాకా రెండుసార్లు పోయినా. లోపలికి పోయేదానికి మొగం చెల్లలేదు. ఇప్పుడు యాడికి పోయి చెప్పుకునేది?”

డెబ్బై ఏళ్ల మనిషి. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమరేష్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

“వాని మీసం నేనే తీయించుకోమన్నా, నెల తిరిగితే మళ్లీ మొలుస్తాది గానీ, నువ్వు ముందు లోపలికి రాన్నా,” అన్నాడు లోపల మంచం మీద నుంచి నంజప్ప.