రెండు పేర్లకీ పలికే మోకాలు

ఉదయం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కాగానే దమయంతమ్మ యంత్రపు మోకాలు మూడో మెట్టు మీద వంగి బిగుసుకుపోయింది. పదింటికి ఆమె పాట కచేరీ. కోడలు ప్రణవి పక్కనే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది.

“మోకాలిని నడిపే జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌ని కంపెనీవాళ్లు కొత్తగా మార్చి, ఫైళ్ల పేర్ల చివర ఎంజేఎస్ బదులు జేఎస్ పెట్టారత్తయ్యా. మీ చీలమండ మర వేరే కంపెనీది, ఇంకా పాత పేర్లతోనే పిలుస్తోంది. ఆ పేర్లకి ఇక్కడ ఎవరూ పలకట్లేదు.”

“పెళ్లైన కొత్తలో మా నాన్న నా పాత ఇంటిపేరు రాసి ఆవకాయ పంపితే, అలాంటివాళ్లెవరూ లేరని మీ మామయ్య తిప్పి పంపేశారు. అలాగా?”

“అచ్చం అలాగే.”

పాత పేర్లతోనూ చిన్న ఫైళ్లు పెట్టి, పిలుపు కొత్తవాటికి చేరేలా రాసింది ప్రణవి. మోకాలు మెల్లగా వదులైంది.

“ఇప్పుడు రెండు పేర్లకీ పలుకుతుంది.”

దమయంతమ్మ మెట్లు దిగి ఆగింది. “కచేరీవాళ్లకి ఫోన్ చెయ్యవే. వేదిక మీదికి పిలిచేటప్పుడు నా రెండు ఇంటిపేర్లూ చదవమను.”