సింకు కింద వాసన

తలుపు తెరవగానే గుప్పుమంది.

కళ్ళజోడావిడ రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. బ్రోకరు మాత్రం రాజభవనం చూపించేవాడిలా చెయ్యి చాపాడు.

"రండి సార్, రండి. ఓనరుగారు పనిమీద బయటికెళ్ళారు, తాళం నా చేతికిచ్చారు. కిటికీలు మూసున్నాయి కదా, అందుకే కాస్త..."

"కాస్తా?" అంది ఇంకొకామె, వాళ్ళ వెనకే లోపలికి వస్తూ. "ఏదో చచ్చి ఉంటుందండీ!"

ఒకే ఇంటికి రెండు బేరాల్ని ఒకేసారి తీసుకురావడం ఆ బ్రోకరు పద్ధతి. ఒకళ్ళని చూసి ఇంకొకళ్ళు తొందరపడతారని అతని ఆశ. కళ్ళజోడావిడా, ఆవిడ భర్తా ఒక బేరం. పొద్దున ఫోన్ చేసి "నేనూ వచ్చి చూస్తాను" అన్న ఈమె రెండోది.

నిజానికి ఆమెకి ఇల్లు మారడమే ఇష్టం లేదు. ఏడాదిగా ఇంట్లో అదే రభస. ఉన్న ఇల్లు బాగుచేయించుకుందాం అని ఆమె. మారిపోదాం అని ఆయన. "మేస్త్రీల వెనక తిరిగే ఓపిక నాకు లేదు" అంటాడు. సరే, మారితే ఎక్కడికి? ఇంకెక్కడికి, బావగారుండే వీధికే! అంటే పొద్దున లేచి కిటికీ తెరిస్తే తోడికోడలి మొహం. "ఇవాళేం కూర? అంత నూనె పోశావేం? ఆ చెప్పులెప్పుడు కొన్నావ్?" ఈ ఇంటి బేరం ఇవాళ కుదిరిందంటే ఇంక ఆ వీధి తప్పదు.

అందుకే వంకలు పెట్టడానికి సిద్ధపడే వచ్చింది.

పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. హాల్లో గోడ ఉబ్బి పొక్కులు లేచింది. కళ్ళజోడావిడ భర్త వేలితో గీకితే, పుండు మీద చెక్కులా రంగు ఊడి చేతిలోకొచ్చింది. దాని కింద నల్లటి బూజు, తడితడిగా. అతను ఆ వేలు దేనికి తుడుచుకోవాలో తెలియక గాల్లోనే పట్టుకున్నాడు.

"వానకి చెమ్మ పట్టుంటుంది సార్" అన్నాడు బ్రోకరు.

"వానా పాడా! లోపల పైపు కారుతోంది" అంది ఆమె. "ఈ మూల నుంచి ఆ గుమ్మం దాకా పగలగొట్టాలి."

"మేస్త్రీలా చెప్తున్నారే మేడమ్!"

"మా ఇంట్లోనూ ఇదే ఏడుపు లెండి."

ఎదురు గోడకి ఒక మేకు ఉంది. దాని కింద, పొగచూరిన గోడ మధ్య, తెల్లగా ఒక చదరం.

"ఇక్కడేదో ఫొటో ఉండేదనుకుంటా" అంది కళ్ళజోడావిడ.

"ఈ కొంపలో మొహాలు చూపించుకోలేక తీసేసుంటారు."

కళ్ళజోడావిడ రుమాలు చాటున కిసుక్కుమంది.

బాత్రూం చీకటి గుయ్యారంలా ఉంది. స్విచ్చు కోసం బ్రోకరు గోడంతా తడుముతుంటే, ఆమె తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి లైటు వేసింది. వేయకపోయినా బాగుండేది. అద్దం నిండా పేస్టు తుంపర్లు. బకెట్టుకి పచ్చటి గార. నీళ్ళు పోయే కన్నం దగ్గర వెంట్రుకల ముద్ద ఒకటి, సబ్బు జిగురులో నానిపోయి, చచ్చిన ఎలుకపిల్లలా ఉంది. అది చూసి ఆమె నిజంగానే మొహం తిప్పుకుంది.

"ఛీ ఛీ!" అంది కళ్ళజోడావిడ. "ఇంటావిడ ఎవతో గానీ, అసలు స్నానం చేస్తుందా అని నా అనుమానం."

ఆమె చెయ్యి తన జుట్టుముడి మీదికి పోయింది. దించేసి, "ఈ బాత్రూంలో చేసినా ఒకటే, మానేసినా ఒకటే" అంది.

అసలు కంపు వంటింట్లో ఉంది. పొయ్యి వెనక గోడ మీద జిడ్డు తేనెలా సాగి ఉంది. వాసన సింకు కింది అరలోంచి వస్తోంది. నీచూ కుళ్ళూ కలిసి, ముక్కులోంచి నాలుక మీదికి దిగే వాసన. బ్రోకరు ఊపిరి బిగబట్టి, వంగి, ఆ అర తలుపు పట్టుకున్నాడు.

"తెరవకు బాబూ!" ఆమె అరిచినంత పని చేసింది. "బొద్దింకలు మీదికి పాకుతాయి!"

కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కళ్ళజోడావిడకి డోకొచ్చింది. ఒక్క అంగలో వరండాలో తేలింది.

"కొంచెం బాగుచేయించుకుంటే..." అని భర్త నసిగాడు.

"ఏం చేయిస్తారండీ? గోడలకి రంగేయిస్తారు. ఇందులో బతికినవాళ్ళ కంపుకి ఏం వేయిస్తారు? ఊరికే ఇచ్చినా వద్దు, నడవండి!" అని కళ్ళజోడావిడ వరండాలోంచే కేకేసింది.

కారు తలుపులు దబదబా మూసుకున్నాయి. బ్రోకరు దీనంగా ఆమె వైపు తిరిగాడు. "మేడమ్, మీరైనా..."

"నా మొహం చూస్తే తెలియట్లా?"

"మరి ఓనరుకి ఏం చెప్పను?"

"ముందు ఆ గోడ పగలగొట్టించి, పైపు మార్పించి, వంటిల్లు బాగుచేయించుకోమని చెప్పు. అంతదాకా ఇక్కడికి ఏ బేరాన్నీ తీసుకురాకు. నీ పరువే పోతుంది."

"నిజమే మేడమ్. ఇవాళే చెప్తాను. మొహమాటం లేకుండా చెప్తాను."

అతను తాళం వేసి, బండెక్కి మలుపు తిరిగేదాకా ఆమె వీధి చివర నిలబడి చూసింది.

తర్వాత వెనక్కి వచ్చి, చేతిసంచిలోంచి తన తాళంచెవి తీసి తలుపు తెరుచుకుని, పొద్దున ఆయన బయటికెళ్ళగానే సింకు కింద తను పెట్టిన కుళ్ళు రొయ్యతొక్కల పొట్లం అవతల పారేసి, కిటికీలన్నీ బార్లా తీసి, తమ పెళ్ళిఫొటోని మళ్ళీ ఆ మేకుకే తగిలించింది.