బియాంకవ్వ మొక్కు

ఇటలీ పిల్ల గెలిస్తే గుండు కొట్టించుకుంటానని హన్మాండ్లు కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాడు. గెంతే వ్యవహారం కదా, వేరే దేవుళ్లకు ఏం తెలుస్తుంది?

ఆ పిల్ల పేరు బియాంకా. జిమ్నాస్ట్. సన్నటి దూలం మీద పల్టీలు కొడుతుంది. పదహారేళ్లకే పతకాలు, ఆ వెంటనే లక్షల్లో అభిమానులు. నిరుడు మడమ విరిగాక వాళ్లు మెల్లగా జారుకున్నారు. ఎడారి దేశంలోని మఫ్రఖ్ లేబర్ క్యాంపులో మాత్రం ఒకడు కొత్తగా పుట్టుకొచ్చాడు.

అంతవరకు ఏ ఆటా చూడని మనిషి హన్మాండ్లు. గదిలో రోడ్డు పనికి పోయేది అతనొక్కడే. జూన్ నెలలో ఈ పిచ్చి పట్టింది. ఎండ నెత్తికెక్కిందనుకున్నారు అందరూ.

"బిడ్డకు పెండ్లి జేసినోనివి. గా పోరి మీద గింత మోజేందే అన్నా?" అన్నాడు పక్క మంచం దయాకర్.

"నోరు మంచిగ రానీ. నాకు తల్లి అసొంటిది. ముందుగాల కాలు ఎట్లున్నదో ఫోన్ల సూడు."

అదే గదిలో ఉంటూ ప్రకటనల కంపెనీలో పనిచేసే పెద్దిరాజు ఒకరోజు చెడ్డ కబురు తెచ్చాడు. "బంగారు పతకం వస్తేనే జ్యూస్ కంపెనీవోళ్లు ఈవిణ్ణి ఇంకో ఏడాది వాళ్ల ప్రకటనల్లో ఉంచుతారంట. లేదంటే పీకేసి ఫుట్‌బాల్ ఆయన్ని పెడతారండి."

హన్మాండ్లు ముఖం మాడిపోయింది. "వాడా? నిట్టనిలువుగ నిలవడుడు తప్ప వానికేమొస్తది?"

"కోట్లమంది ఫ్యాన్సండీ బాబూ ఆయనకి."

"ఉంటే ఉండనీ. మా బియాంకవ్వ లెక్క కాలు సాపుమను, సూద్దాం."

పోటీ సెలవురోజున వచ్చింది. గదంతా దయాకర్ ఫోన్ మీద పడింది. దూలం మీద బియాంకా ఒకసారి తూలింది. హన్మాండ్లు కళ్లు గట్టిగా మూసుకుని, "అంజన్నా, గీ ఒక్క ఎండకాలం గట్టెక్కియ్యి" అని దండం పెట్టాడు.

బియాంకా నిలదొక్కుకుంది. చివరి పల్టీ కొట్టి రెండు కాళ్ల మీద దిగింది. బంగారం వచ్చింది.

హన్మాండ్లు బోరున ఏడ్చాడు. క్యాంపు మంగలి దగ్గరికి ఉన్నపళంగా పోయి గుండు కొట్టించుకుని వచ్చాడు. జుట్టును ఊరికి పోయినప్పుడు అంజన్నకు ఇస్తానని కవరులో దాచాడు.

"నీ సొంత బిడ్డ పెండ్లికి గూడ గింత ఏడ్వలేదు గదనే" అని దయాకర్ దెప్పాడు.

హన్మాండ్లు కవరును తలగడ కింద భద్రంగా పెట్టుకున్నాడు. ఆ రాత్రి చాలా రోజులకు కడుపునిండా తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం విరామం ఇవ్వగానే, తను పనిచేసే, చెట్టన్నది లేని రోడ్డు పక్కన, జ్యూస్ కంపెనీ నిలబెట్టిన మూడంతస్తుల బియాంకా బొమ్మ దగ్గరికి పోయి, అడ్డంగా చాపిన ఆమె కాలి కింద పడే నీడలో, హన్మాండ్లు తువ్వాలు పరచుకుని గుండు మీద చెయ్యి వేసుకుని హాయిగా నిద్రపోయాడు.