పక్కగది కరెంటు

నెబులైజరు మూలిగింది గాని మందు ఆవిరి రాలేదు.

ఆమె ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టింది. మిషను నెత్తిన ఒక్కటిచ్చింది. ఇంటి దగ్గరైతే ఆ దెబ్బకి దారికొచ్చేది. ఇక్కడ దెబ్బ కూడా పనిచెయ్యలేదు.

ఒళ్ళో పిల్లాడు పిల్లికూనలా గురగురమంటున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి.

"ఏమండీ, రావడం లేదు."

"పిన్ను సరిపోయింది కదా?" అన్నాడు భర్త.

అతను పరాయి దేశం వచ్చి చదువుతున్నది పురుగుల గురించి. ప్లగ్గుల గురించి అడిగితే పిన్ను దగ్గరే ఆగిపోతాడు.

పిన్ను సరిపోయింది. అదే ఆమెకి అర్థం కానిది. ఇంటి నుంచి మోసుకొచ్చిన ప్రతి సామానుదీ ఇదే వరస. మిక్సీ గానుగెద్దులా తిరిగింది. ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పెడితే చెయ్యే వేడిగా అనిపించింది. పోనీలే అనుకుంది. బట్టలు నలిగితే ప్రాణం పోదు.

ఇది అలా కాదు.

భర్త ఆసుపత్రికి ఫోను చేస్తున్నాడు. లైను కలవడం లేదు. ఆమె తన ఫోనులో అమ్మకి చేసింది.

"కరెంటు చాలడం లేదేమోనే," అంది అమ్మ. "ఎదురింటివాళ్ళు మోటారు వేస్తే మన ఫాను నీరసపడిపోదూ? పక్కన ఎవరైనా ఏదైనా తిప్పుతున్నారేమో చూడు."

చూడక్కర్లేదు. వినబడుతూనే ఉంది.

టకటకటక.

గోడ అవతల ఒంటరిగా ఉండే పెద్దావిడ కుట్టుమిషను. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా అదే మోత. వీళ్ళు ఆవిడకి పెట్టిన పేరు టకటకమ్మ. ఆవిడా ఎక్కడి నుంచో వచ్చినదే. ఎక్కడి నుంచో వీళ్ళు అడగలేదు.

ఆమె పిల్లాణ్ణి భుజాన వేసుకుంది. నెబులైజరు చంకన పెట్టుకుంది. వెళ్ళి పక్క తలుపు బాదింది.

టకటకమ్మ తలుపు తీసింది. మెడలో కొలతల టేపు, పెదవుల మధ్య గుండుసూది.

"మీ మిషను ఆపండి. కరెంటంతా మీరే లాగేస్తున్నారు. మావాడికి ఊపిరాడటం లేదు."

ఇద్దరికీ వచ్చినవి ఆ ఊరి భాషలో నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కల్లో ఎంత కోపం పడుతుందో అంతా కూరింది.

పెద్దావిడ సూది తీసి రవిక్కి గుచ్చుకుంది. పిల్లాడి డొక్కల వంక చూసింది. నెబులైజరు వెల్లకిలా తిప్పి, అడుగున ఉన్న అంకెలు చూసింది.

"ఇది... ఇంటి నుంచి?"

"మా ఇంటి నుంచే. మీకెందుకు? మీది ఆపండి చాలు."

ఆవిడ నెబులైజరు తిరిగి చేతికిచ్చి తలుపు వేసుకుంది.

"చూశారా పొగరు. వాడు ఇలా ఎగరొప్పుతుంటే ఎక్కడిదని ఆరాలు," అంది ఆమె లోపలికి వస్తూనే.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. తీస్తే మనిషి లేడు. గుమ్మంలో ఒక ఇనప డబ్బా ఉంది. ఇటుకంత సైజు, పాత స్టెబిలైజరు పోలిక. వరండా చివర బిల్డింగు చూసుకునే మన తెలుగు పెద్దాయన నిచ్చెనెక్కి బల్బు మారుస్తున్నాడు.

భర్త డబ్బాని గోడకి తగిలించి, నెబులైజరుని డబ్బాకి తగిలించాడు.

తెల్లటి ఆవిరి బుస్సున వచ్చింది.

పిల్లాడి గురగుర మెల్లమెల్లగా సర్దుకుంది. వాడు కళ్ళు మూసుకున్నాక గాని ఆమెకి తెలియలేదు, గోడ అవతల మోత లేదని.

"గట్టిగా అడిగితే గాని దారికి రారు," అంది.

"ఇంతకీ డబ్బా వల్ల వచ్చిందా, ఆవిడ ఆపడం వల్ల వచ్చిందా?"

"రెండిటివల్లా. మీరు పురుగుల సంగతి చూసుకోండి."

మర్నాడు మెట్ల దగ్గర పెద్దాయన కనబడితే దణ్ణం పెట్టింది. "మీ మేలు మర్చిపోను బాబాయిగారూ."

"నా పనేగా అమ్మా," అన్నాడాయన, కాలిన బల్బు చెత్తబుట్టలో వేస్తూ.

డబ్బా వీళ్ళింట్లోనే ఉండిపోయింది. పిల్లాడికి మళ్ళీ మళ్ళీ ఆయాసం వచ్చింది, మళ్ళీ మళ్ళీ తగ్గింది. మిక్సీ రివ్వున తిరిగింది. ఇస్త్రీపెట్టె ఒక చొక్కాని కాల్చింది కూడా.

గోడ అవతల మాత్రం మోత మళ్ళీ వినబడలేదు.

మొదట హాయిగా ఉంది. తర్వాత ఎలాగో ఉంది. ఒక్కమాట అంటే మనుషులు ఇన్నాళ్ళు అలుగుతారా అనుకుంది.

ఒకసారి ఆవిడ మెట్లు దిగుతూ ఎదురైంది. చేతుల్లో కుట్టని గుడ్డల మూట. ఆగి, తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, పిల్లాడి వైపు గడ్డం ఎత్తింది.

"ఊపిరి?"

"బాగానే ఉంది," అంటూ ఆమె పిల్లాణ్ణి అవతలి భుజానికి మార్చుకుంది. ఎత్తిపొడుపేమో, ఎవరికి తెలుసు.

"మంచిది," అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు దేనికో ఆమెకి అంతుపట్టలేదు.

పిల్లాడికి ఆసుపత్రివాళ్ళు అక్కడి కరెంటుకి సరిపోయే మిషను ఇచ్చారు. ఇక ఎవరి సొమ్ము వాళ్ళకి అప్పగించాలని ఆమె డబ్బా పట్టుకుని బయటికొచ్చింది.

పక్కగది తలుపు బార్లా తీసి ఉంది. లోపల పెద్దాయన నేల ఊడుస్తున్నాడు. చీపురు ముందు దారప్పోగులు.

"ఆవిడేరి బాబాయిగారూ?"

"ఖాళీ చేసేసిందమ్మా. కుట్టుపని సాగకపోతే ఎన్నాళ్ళుంటుంది? ఎక్కడికో చెప్పలేదు."

ఆమె చీపురు ముందున్న దారప్పోగుల వంక చూసింది. "నేను ఆపమన్నది ఆ ఒక్కపూటే. అలా మానేస్తుందనుకోలేదు."

"ఏంటమ్మా?"

"ఏం లేదు. ఇదిగోండి, మీ డబ్బా."

పెద్దాయన చీపురు గోడకి ఆనించి డబ్బా అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాదేంటమ్మా? ఇది ఆవిడది. ఆ కుట్టుమిషను కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నదే, ఇక్కడి కరెంటు జోరు సగమే కదా, ఇది లేకపోతే తిరగదు," అన్నాడు. "ఇది కాలిపోయిందని చెప్పిందే నాతో."