ఆరంగుళాలు

ఎదుటివాళ్ల మనసు నొచ్చుకోకూడదని ఆడే అబద్ధాన్ని దేవుడు పాపంలో రాసుకుంటాడా, పుణ్యంలోనా అన్నది నాకు ఏళ్లుగా తీరని సందేహం. టైలరమ్మ దుకాణంలో ఆ రోజు జరిగింది విన్నాక అది ఇంకాస్త ముదిరింది.

లెక్కల టీచరు కుర్చీ చూపించినా కూర్చోలేదు. యాభై ఏళ్ల మనిషి. ఉండుండి ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. చేతిలోని ఫిర్యాదు కాగితంతోనే విసురుకుంటోంది.

"ఆస్పత్రిలో మీ అమ్మాయి నా నడుం ముప్పై ఎనిమిదని రాసింది. డాక్టరమ్మ అది చూసి, నెలసరి ఆగాక కొవ్వంతా నడుం చుట్టూ చేరిందంది. షుగరు హద్దు దాటిందట, రోజూ మాత్ర మింగాలట."

"మింగుతున్నారా?"

"ఎందుకు మింగాలి? పన్నెండేళ్లుగా నేను కాన్వెంటు బడికి వేసుకెళ్లే స్కర్టులు కుడుతున్నది నువ్వేగా. నీ పుస్తకంలో ఎంతుంది?"

"ముప్పై రెండు," అంది టైలరమ్మ నెమ్మదిగా.

"మరి? నడుమే కొలవడం రాని పిల్ల, రక్తం సీసా మీద ఎవరి పేరు అంటించిందో ఏం తెలుసు? ఈ కాగితం పెద్ద డాక్టరుకి ఇవ్వబోతున్నా. నీ మొహం చూసి, ముందు నీకో మాట చెబుదామని వచ్చాను."

కూతురు నర్సుగా చేరి రెండు నెలలు కాలేదు. ఒక్క ఫిర్యాదు చాలు, ఇంటికి పంపేస్తారు. టైలరమ్మ కత్తెర తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది.

"టీచరుగారూ, అమ్మాయి కొలత సరైనదే. నా పుస్తకమే తప్పు."

"అదేంటి?"

"పుస్తకంలో మీకు నచ్చేది రాస్తాను. గుడ్డ మీద మాత్రం అసలు కొలతే గీస్తాను. ఆరేళ్లుగా ఏడాదికో అంగుళం వదులు చేస్తూ వచ్చాను. ఆ వయసు ఆడవాళ్లకి నిజం చెబితే మొహం మాడ్చుకుని ఇంకో దుకాణానికి పోతారు. ఇద్దరు పోయారు కూడా."

టీచరు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. "స్కర్టు పడుతోంది కదా, నాకేం ఢోకా లేదని మురిసిపోయానే, ఆరేళ్లపాటు."

"ఆ ఫిర్యాదేదో నా మీద రాయండి. అమ్మాయిని వదిలేయండి. మాత్ర మాత్రం వేసుకోండమ్మా."

టీచరు అప్పుడు కూర్చుంది. కాగితం రెండుగా చింపింది. చేతిసంచీలోంచి మందుల చీటీ తీసి సాపు చేసుకుంది.

"మందుల షాపు తీసే ఉంటుందా?"

"ఉంటుంది. నేనూ తోడొస్తాను."

"పద. దారిలో చెబుదామంటే నోరు రాదేమో, ఇక్కడే నీ బాకీ తీర్చేస్తాను. మీ అమ్మాయి నా క్లాసులో ఏడాది చివరి పరీక్షలో లెక్కల్లో ముప్పై అయిదుతో గట్టెక్కిందని దేవుడికి దణ్ణం పెట్టుకున్నావు చూడు, అందులో ఆరు మార్కులు నేను కలిపినవే."